లోపలి వైపు గడియ

“గోడ ఎటువైపు నుంచి దూకావు?”

“దూకలేదు మేడమ్.”

“దూకానని రాసి సంతకం పెట్టావుగా.”

“పెట్టమన్నారు. పెట్టాను.” పెదవి చిట్లి ఉండటంతో ఆ మాట కూడా సరిగ్గా బయటికి రాలేదు.

డిటెక్టివ్ కుర్చీ ముందుకు లాక్కుంది. పోలీస్ స్టేషన్‌లో ఆ చిన్న గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరగని ఫ్యాను ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషిది టైర్ల షాపు. లావుపాటి మెడ, గోళ్ల కింద నలుపు. అతని చెల్లెలు ఈత నేర్పే కోచ్. ఆ రోజు తెల్లవారాక, బాధిత మహిళల ఆశ్రయ గృహం వెనక ఇనుప మెట్ల కింద ఆమె స్పృహ లేకుండా దొరికింది. తల పగిలింది, భుజం దగ్గర ఎముక విరిగింది. ముందు రోజు సాయంత్రం ఈ అన్న ఆ ఇంటి గేటు ముందు నిలబడి వీధంతా వినపడేలా అరిచాడు. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి? పొద్దున్నే షాపులోంచి లాక్కొచ్చి, మధ్యాహ్నానికల్లా సంతకం పెట్టించేశాడు.

డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో ఈ డిటెక్టివ్‌ని అందరూ కత్తెర అనేవారు. ఎదుటివాడు అబద్ధం మొదలుపెడితే సగంలో తెంచేస్తుందని. ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఈ కేసు ఆమెకు అప్పగించింది హెల్ప్‌లైన్ అక్క. ఇంట్లో తన్నులు తినే ఎల్‌జీబీటీ మనుషుల కోసం ఒక ఫోన్ నంబరు నడుపుతున్న ట్రాన్స్ మహిళ. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ “అక్కా” అనే ఏడుపు మొదలుపెడతారు కాబట్టి అదే ఆమె పేరైపోయింది. ఇప్పుడామె స్టేషన్ వరండాలో నిలబడి ఉంది. లోపల కూర్చోడానికి కానిస్టేబుల్ ఒప్పుకోలేదు.

“చెల్లెలితో మాట్లాడి ఎన్నాళ్లయింది?”

“రెండేళ్లు దాటింది.”

“ఎందుకని?”

“మీకు తెలుసుగా. ఆడపిల్లతో కాపురం పెట్టింది. అమ్మ అన్నం మానేసింది. నేను కూడా... ఏవో మాటలన్నాను.”

“మరి నిన్న ఏం పుట్టింది?”

“చిట్టి ఫోన్ చేసింది.”

“చిట్టి ఎవరు?”

“అదే... మా చెల్లితో ఉండే అమ్మాయి. బొకేల షాపు నడుపుతుంది. పిట్టంత మనిషి. నోట్లో నాలుక లేదు. నిజం చెప్పాలంటే మా చెల్లి కంటే ఆ పిల్లే నయం మేడమ్. అమ్మ ఆస్పత్రిలో ఉంటే మేం పిలవకపోయినా పూలు పంపింది.”

“ఫోన్లో ఏమంది?”

“మీ చెల్లి నన్ను కొట్టి, ఇల్లొదిలి ఆ ఆశ్రయంలో దాక్కుంది అంది. అడ్రస్ చెప్పింది. గురువారం సాయంత్రం వెళ్లి గట్టిగా గొడవ చెయ్యన్నయ్యా, వాళ్లే విసుగొచ్చి బయటికి పంపేస్తారు, అప్పుడు ఇంటికి తీసుకెళ్లిపోదాం అంది.”

“మీ చెల్లే కొట్టిందంటే నమ్మేశావా?”

“నమ్మకేం? మీరు మా చెల్లిని నిలబడి ఉండగా చూళ్లేదు. గుమ్మం దాటాలంటే భుజాలు పక్కకి తిప్పాలి. పన్నెండేళ్లప్పుడే నన్నెత్తి కొలనులో పడేసింది. ఆ పిల్ల చూస్తే ఇంత.” అతను చెయ్యి బల్ల ఎత్తుకు దించి చూపించాడు. “ఎవరు ఎవర్ని కొడతారు?”

ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఊళ్లో సగం మంది బుర్రలు ఆగిపోతాయని డిటెక్టివ్‌కి తెలుసు.

“ఆ ఇంటికి బోర్డు లేదు. అడ్రస్ బయటివాళ్లకి చెప్పరు. చిట్టికెలా తెలిసింది?”

అది అతనికి తట్టనే లేదు.

“ఏ నంబరు నుంచి చేసింది?”

“ఏదో ల్యాండ్‌లైన్. బుధవారం సాయంత్రం. నా ఫోన్లో ఉంటుంది, చూసుకోండి. చిట్టి ఫొటో కూడా ఉంది. ఫోన్ వీళ్లు తీసుకున్నారు.”

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. ఇప్పుడు ఇస్త్రీ మడత నలగకుండా నడుస్తాడు.

“ముచ్చట్లు అయ్యాయా మేడమ్?”

“ఇతని ఫోన్ ఇవ్వు. ఒక ఫొటో, ఒక నంబరు చూడాలి.”

“అది కేసు ప్రాపర్టీ. ప్రైవేటువాళ్లకి ఇవ్వం.”

“అయితే నువ్వే చూడు. కోచ్‌తో కాపురం చేస్తున్న మనిషి, ఆశ్రయం అడ్రస్ ముందే తెలుసుకుని, ఇతన్ని రెచ్చగొట్టి గేటు దగ్గరికి పంపింది. ఆమెను ప్రశ్నించావా?”

“ఎవర్ని? ఆ స్నేహితురాలినా?” ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. వెనకాల కానిస్టేబుల్ కూడా నవ్వాడు. “ఇద్దరాడవాళ్లు జుట్లు పట్టుకుంటే అది గృహహింసా మేడమ్? అందులో మొగుడెవడని రాయాలి?”

“పోయిన నెల ఆ కోచ్ ఇదే స్టేషన్‌కి వచ్చింది. చెవి వెనక కుట్లతో. ఈ బల్ల వెనక ఎవరు కూర్చున్నారు?”

నవ్వు ఆగింది.

“నువ్వే. ఏమన్నావో గుర్తుందా? నీ అంత మనిషిని ఆ పిల్ల కొట్టిందంటే జనం నవ్వుతారు, ఇంటికి పో అన్నావు. ఆమె ఇంటికే పోయింది. ఆ రాత్రి చిట్టి పూల కుండీతో ఆమె మోచెయ్యి చితక్కొట్టింది.”

“ఇదంతా బయట నిలబడ్డ వాడు చెప్పాడా?”

“వాడు కాదు, ఆమె.” డిటెక్టివ్ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. అయినా కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఆ రోజు నువ్వు నాలుగు లైన్లు రాసుకుని ఉంటే ఇవాళ ఆమె తల పగిలేది కాదు. ఇతని పెదవి డాక్టర్‌కి చూపించు. సాయంత్రంలోగా చూపించకపోతే జడ్జికి నేను చూపిస్తాను.”

“కేసు ముగిసింది మేడమ్.”

“నీకు ముగిసింది.”

*

ఆశ్రయం గేటు పక్కన కాపలా గదిలో గోడ నిండా మగవాళ్ల ఫొటోలు అంటించి ఉన్నాయి. మొగుళ్లు, మామలు, బావమరుదులు. వాళ్లలో ఎవరు కనిపించినా గేటు తియ్యకూడదు. కాపలా ఆవిడ డిటెక్టివ్‌కి గేటు తీసి, వెనకే వస్తున్న అక్కకి మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

“మీకు ఇక్కడిదాకేగా అక్కా.”

అక్క అలవాటు పడినట్టు ఆగిపోయింది. ఆ ఆగడం చూసి డిటెక్టివ్‌కి ఒళ్లు మండింది.

“ఎవరు పెట్టారు ఈ రూలు?”

“నేనే.” వార్డెన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బొద్దుగా, కళ్లజోడుతో, నడుముకి తాళాల గుత్తితో. “లోపల దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్లుంటారు. భయపడతారు. ఎవరినైనా తీసుకొస్తే గేటు దాకా తెచ్చి అప్పజెప్పమన్నాం. తప్పేముంది?”

“ఈమె ఇన్నాళ్లుగా మీకు మనుషుల్ని తెచ్చి అప్పజెబుతోంది. లోపల వాళ్లెలా ఉన్నారో ఒక్కసారి కూడా చూడనివ్వలేదా?”

“ఫోన్లో చెబుతాంగా.”

డిటెక్టివ్ అక్క చెయ్యి పట్టుకుని గేటు దాటించింది. “పొద్దున మీ ఇంట్లో ఒక మనిషి చచ్చి బతికింది. రూల్స్ రేపు మాట్లాడుకుందాం. పదండి, ఆమె ఉన్న గది చూపించండి.”

గది రెండో అంతస్తు చివర. ఒక కిటికీ, రెండు మంచాలు. మధ్యలో మనిషి పట్టేంత సందు.

“ఈ ఒక్క గదే వాళ్లకిచ్చాం,” అంది వార్డెన్.

“వాళ్లంటే?”

“అదే... మొగుడి చేత కాకుండా ఇంకో రకంగా బాధలు పడి వచ్చేవాళ్లు. కమిటీలో ఎంత గొడవైందో మీకు తెలీదు. ఈ గదైనా నా పోరు వల్లే వచ్చింది.”

కోచ్ మంచం మీద దుప్పటి కాళ్ల వైపు కుప్పగా పడి ఉంది. దిండు కింద ఈతకు వాడే విజిల్, మంచం కింద రెండు చెప్పులు. తువ్వాలు మడత ఇంకా విప్పలేదు. రాత్రిపూట చెప్పులు కూడా వేసుకోకుండా మంచం దిగిందంటే తాపీగా గాలి పీల్చుకోడానికి వెళ్లలేదు. పరుగెత్తింది.

డిటెక్టివ్ నడవలోకి వచ్చింది. గది పక్కనే ఇంకో తలుపు. అది దాటితే బయట ఇనుప మెట్లు, కింద సిమెంటు పెరడు. పెరటి గోడ మీద గాజు పెంకులు, వాటి మీద ఎన్నాళ్లనుంచో పట్టిన సాలెగూళ్లు. ఒక్కటీ చెదరలేదు. కింద రక్తం మరక మీద ఎవరో ముగ్గుపొడి లాంటిది చల్లారు.

“ఆమెను మొదట చూసిందెవరు?”

“నేనే. పొద్దున పిలిస్తే పలకలేదు, మంచం ఖాళీ. ఇల్లంతా వెతికి, చివరికి ఈ తలుపు గడియ తీసి చూస్తే కింద పడి ఉంది. నా ప్రాణం పోయిందనుకోండి.”

“ఏ గడియ?”

“ఇదిగో, ఈ పైది. బిగుసుకుపోయి ఉంటుంది. రెండు చేతులతో లాగాను.”

“ఈ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?”

“ఆయన అడగలేదు. గోడ చూసుకుని వెళ్లిపోయారు.”

“మెట్ల దగ్గరికి ఇంకో దారి ఉందా?”

“వంటింటి నుంచి పెరట్లోకి తలుపుంది. పెరటి గేటు ఉంది. రెండిటికీ నేనే తాళం వేస్తాను, తాళంచెవులు నా దగ్గరే ఉంటాయి. పొద్దున కూడా తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.”

“అంటే కోచ్ ఈ తలుపులోంచే బయటికి వెళ్లింది.”

“అంతేగా మరి.”

“బయటికి వెళ్లి, మెట్ల మీంచి పడి, ఎముక విరిగి, స్పృహ తప్పిన మనిషి మళ్లీ పైకొచ్చి లోపలి నుంచి గడియ వేసిందా?”

వార్డెన్ కళ్లజోడు తీసింది. మళ్లీ పెట్టుకుంది. గడియ వైపు చూసింది. పొద్దుటి నుంచీ తన చేతుల్లోనే ఉన్న విషయం ఇప్పుడు మొదటిసారి కనిపించినట్టు చూసింది.

“గోడ దూకి వచ్చినవాడైతే గోడ దూకే పోతాడు,” అంది డిటెక్టివ్. “ఆమెను తోసిన మనిషి ఈ తలుపులోంచి లోపలికొచ్చి, గడియ పెట్టి, తన మంచం మీద పడుకుంది. ఆ రెండో మంచం ఎవరిది?”

“అబ్బే, ఆ పిల్లా? మీరు చూస్తే ఆ మాట అనరు. ఉఫ్ మంటే ఎగిరిపోతుంది. పాపం, చేతికి కట్టుతో వచ్చింది, ఎప్పుడూ కళ్లనీళ్లే.”

“ఎప్పుడొచ్చింది?”

“బుధవారం మధ్యాహ్నం. కోచ్ వచ్చాక రెండ్రోజులకి.”

“ఎవరు పంపారు?”

వార్డెన్ అక్క వైపు చూసింది. అక్క గోడకి ఆనుకుంది.

“నేనే పంపాను మేడమ్. ఫోన్ చేసింది. నా భాగస్వామి ఆడమనిషే, కొడుతోంది, పోవడానికి చోటు లేదు అంది. ఊళ్లో మనకున్నది ఈ ఒక్క చోటేగా. బస్ స్టాండ్ దగ్గర కలిసి, ఆటోలో తెచ్చి గేటు దగ్గర అప్పజెప్పాను. చెప్పిన పేరు వేరు. కోచ్ ఫోన్ కూడా లేకుండా పారిపోయి వచ్చింది కాబట్టి, కొట్టే మనిషి ఫొటో నా దగ్గర లేదు.” “లోపలికి రానిచ్చి ఉంటే ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి అడిగేదాన్ని. కోచ్ మొహం చూస్తే నాకు తెలిసిపోయేది.”

డిటెక్టివ్ వంగి రెండో మంచం కింద చెయ్యి పెట్టింది. గోడ వారగా దొర్లిపోయిన చిన్న చుట్ట ఒకటి చేతికి తగిలింది. సన్నటి ఆకుపచ్చ కాగితం టేపు, కొద్దిగా జిగట.

“ఇది ఆ పిల్లదే,” అంది వార్డెన్. “చేతి కట్టు ఊడిపోతోందని చుట్టుకునేది.”

“ఇది కట్లకి వాడే టేపు కాదు. బొకేల్లో పూల కాడలకి చుట్టేది. ఆమె ఇక్కడి నుంచి ఎవరికైనా ఫోన్ చేసిందా?”

“వచ్చిన రోజు సాయంత్రం. ఒక్కటే. అన్నయ్యతో మాట్లాడాలని ఏడిస్తే ఆఫీసు ఫోన్ ఇచ్చాను.”

“కోచ్ ఏమీ అడగలేదా?”

వార్డెన్ నడుముకున్న తాళాల గుత్తిని సర్దుకుంది.

“గది మార్చమంది. బుధవారం రాత్రి. ఇదేం హోటలా, ఉన్నదొక్కటే గది, సర్దుకో అన్నాను. అక్కతో మాట్లాడాలి, ఫోన్ ఇమ్మంది. పొద్దున చూద్దాం అన్నాను. నిన్న కూడా అడిగింది. అప్పుడే వాళ్లన్న గేటు దగ్గర గొడవ... నాకు చిరాకేసింది.”

“చిన్నగా ఉన్నామెకి ఫోన్ ఇచ్చారు. పెద్దగా ఉన్నామెకి సర్దుకోమని చెప్పారు.” డిటెక్టివ్ టేపు చుట్టను జేబులో వేసుకుంది. “గేటు దగ్గర అంతమంది మగాళ్ల ఫొటోలు పెట్టుకున్నారు. కొట్టే మనిషి చీర కట్టుకుని మీ గుమ్మంలోంచే నడిచొస్తే మీరే పక్క వేసి పడుకోబెట్టారు. ఇప్పుడెక్కడుంది?”

వార్డెన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“ఆస్పత్రిలో. అంబులెన్స్‌లోనే వెళ్లింది. తోడుగా ఉంటానని కాళ్లమీద పడితే... నేనే పంపాను.”

*

ఆస్పత్రి మెట్లెక్కుతూ డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. అతను అక్కడే ఉన్నాడు. కోచ్‌కి తెలివి వచ్చిందని డాక్టర్ కబురు చేశాడట, స్టేట్‌మెంట్ కోసం వచ్చాడట. “అన్నే తోశాడని చెప్పించేస్తే పని అయిపోతుంది,” అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి ఇంకా వేగంగా ఎక్కింది. వెనకే అక్క చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.

వార్డులో చివరి మంచం. కోచ్ ఆ మంచానికి సరిపోలేదు, పాదాలు కడ్డీల అవతలికి వచ్చేశాయి. తలకి కట్టు, మెడకి పట్టీ. ఆమె చేతిని రెండు చేతుల్లో పెట్టుకుని ఒక చిన్న మనిషి స్టూలు మీద కూర్చుంది. ఎడమ చేతి కట్టు మీద ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది.

“మెల్లిగా మాట్లాడండి,” అందామె కళ్లెత్తి. చాలా మెత్తటి గొంతు. “పాపం, తనకి చప్పుడు పడట్లేదు.”

“చెయ్యి వదులు చిట్టీ,” అంది డిటెక్టివ్.

ఆ పేరు విని ఇన్‌స్పెక్టర్ ఇటు తిరిగాడు. చిట్టి ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత ఆమె కళ్లలో నీళ్లు నిండాయి. ఎంత తేలిగ్గా నిండాయంటే, అక్క పళ్లు పటపట కొరికింది.

“అవును సార్. నేనే. మీ దగ్గర దాచను.” చిట్టి డిటెక్టివ్‌ని వదిలేసి ఇన్‌స్పెక్టర్‌కే చెప్పడం మొదలుపెట్టింది. “తనతో ఉండేది నేనే. తను నన్ను కొట్టేది. ఈ చెయ్యి చూడండి. భయపడి పారిపోతే, ఖర్మ కొద్దీ అదే గదిలో పడ్డాను. రాత్రి నా మీదికొచ్చింది. తప్పించుకుంటుంటే తనే జారి పడింది. భయంతో తలుపేసుకున్నాను. అయినా ప్రేమ చావదు కదా సార్, అందుకే వచ్చి కూర్చున్నాను.”

ఇన్‌స్పెక్టర్ కోచ్ భుజాల వైపు చూశాడు. చిట్టి మణికట్టు వైపు చూశాడు. అతని మొహం మీద లెక్క తేలిపోయింది.

“ఇలా చెప్పు మరి,” అన్నాడు జేబులోంచి పెన్ను తీస్తూ. “అన్నని వదిలేసి ఈ కోచ్ మీద రాయాలన్నమాట.”

“సిగ్గు లేదూ నీకు?” అక్క అరిచింది. వార్డులో తలలన్నీ ఇటు తిరిగాయి. “నోరు కదపలేని మనిషి మీద కేసు రాస్తావా?”

“నువ్వు బయటికి నడు!”

“ఎవరూ నడవక్కర్లేదు.” డిటెక్టివ్ ఇద్దరి మధ్యకి వచ్చింది. ఆమె చూపు మంచం వెనక పెట్టెలో వెలుగుతున్న అంకె మీద ఉంది. కోచ్ గుండె కొట్టుకునే లెక్క అది. నూట ముప్పై దాటి టిక్కుటిక్కుమంటోంది. “నాకు ఒక్క నిమిషమివ్వు. చిట్టీ, నువ్వు లేచి ఆ గుమ్మం దాకా వెళ్లు.”

“ఎందుకు?”

“ప్రేమ చావదన్నావుగా. నాలుగడుగులేస్తే ఏం పోదు.”

చిట్టి ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. అతను విసుగ్గా తలూపాడు. ఆమె లేచి, చీర సర్దుకుని, గుమ్మం వైపు నడిచింది. పెట్టెలో అంకె నూట ఇరవైకి దిగింది. నూట పది. చిట్టి గుమ్మం అవతలికి వెళ్లేసరికి తొంభై నాలుగు.

“ఈ మెషీన్‌కి నేను పాఠం చెప్పలేదు,” అంది డిటెక్టివ్. “దానికి ఎవరు పొడుగో ఎవరు పొట్టో తెలీదు. దానికి ఎవర్ని చూస్తే ఈమెకి భయమో అది ఒక్కటే తెలుసు. ఇప్పుడు రాసుకో, నీ పెన్ను బాగానే రాస్తుందిగా.”

డిటెక్టివ్ కోచ్ మొహం దగ్గరికి వంగింది. ఆ పెద్ద కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

“వెళ్లిపోయిందమ్మా. చెప్పు.”

“గదిలోకొచ్చినప్పుడే... నవ్వింది,” అంది కోచ్. మాట మాటకీ ఊపిరి తీసుకుంది. “నోరెత్తితే నువ్వే కొట్టావని చెబుతా, నీ ఒళ్లు చూసి ఎవరు నమ్ముతారంది. రాత్రి గొంతు మీద చెయ్యేసింది. ఇంటికి పద అంది. పరుగెత్తాను. మెట్ల మీద... వెనక నుంచి తోసింది. కింద పడ్డాక కూడా తెలివుంది నాకు. పైన నిలబడి చూసింది. తెల్లారేదాకా ఆలోచించుకో అని... తలుపేసుకుంది.”

“నువ్వెందుకు తిరిగి కొట్టలేదు?” ఇన్‌స్పెక్టర్ నోటి నుంచి వచ్చేసింది ఆ మాట. ఈసారి అందులో వెటకారం లేదు.

కోచ్ అతన్ని చూసింది. “నేను కొడితే తను చచ్చిపోతుంది. అందుకే నేర్చుకున్నాను... చేతులు వెనక్కి పెట్టుకోవడం.”

అక్క ఏడుస్తూ ఆమె పాదాల మీద దుప్పటి కప్పింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మం వైపు తిరిగి, “ఏయ్, ఆమెను పట్టుకో,” అని కానిస్టేబుల్‌ని కేకేశాడు.

గుమ్మం దగ్గర ఎవరూ లేరు. కానిస్టేబుల్ నడవ చివర ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ అమ్మగారు నీళ్ల సీసా కొనుక్కోడానికి కిందికి వెళ్లారని చెప్పాడు.

“మీరేగా గుమ్మం దాకా వెళ్లమన్నారు!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ మాట డిటెక్టివ్‌కి సూటిగానే తగిలింది. ఒక అంకె మీద చూపు పెట్టి మనిషిని వదిలేసింది. ఆ తప్పు తనదే.

ఆస్పత్రి గేట్లన్నీ వెతికారు. బొకేల షాపుకి మనుషుల్ని పంపారు. తాళం వేసి ఉంది. కోచ్ వాళ్ల ఫ్లాటుకి పంపారు. అక్కడికీ రాలేదు. గంట గడిచింది. ఇన్‌స్పెక్టర్ కోచ్ చెప్పిందంతా రాసి, చదివి వినిపించి, ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. రాసేటప్పుడు ఒక చోట ఆగి, అక్కని చూడకుండానే, “భాగస్వామి అని రాయొచ్చుగా?” అని అడిగాడు. “అలాగే రాయాలి,” అంది అక్క.

“ఇంకెక్కడికి పోతుంది?” డిటెక్టివ్ కోచ్ పక్కన కూర్చుంది. “చుట్టాలు? స్నేహితులు?”

“ఎవరూ లేరు.” కోచ్ కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది. “నా కంటే ముందు ఒకామె ఉండేది. పేరు చెప్పేది కాదు. దాన్ని దారిలో పెట్టాను, నువ్వే దారికి రావట్లేదు అనేది.”

“ఆమె ఎక్కడుంటుంది?”

“తెలీదు.”

అక్క చేతిలో ఫోన్ మోగింది. హెల్ప్‌లైన్ నంబరుకి వచ్చిన కాల్. అక్క కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఎప్పుడూ పలికే మాటే పలికింది. “చెప్పమ్మా. నేను వింటున్నాను.”

అవతల ఒక ఆడగొంతు, గుసగుసగా. అక్క స్పీకర్ నొక్కింది.

“మీ నంబరు ఎప్పుడో రాసి పెట్టుకున్నానండీ. ఎప్పుడూ చెయ్యలేదు. ఒకామె వచ్చింది. ఇదివరకు కలిసుండేవాళ్లం. చేతికి కట్టుంది. రెండ్రోజులు ఉంటానంటోంది. నేను... తలుపు తీసేశాను. ఎందుకు తీశానో తెలీదు. వచ్చి పిలిస్తే తీసేశాను.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గరున్నాడు. డిటెక్టివ్ అక్క చేతిలో ఫోన్ మీదికి వంగింది.

“ఆమె ఇప్పుడెక్కడుంది?”

“వంటింట్లో. నీళ్లు తాగుతోంది.”

“మీ ఇల్లెక్కడో చెప్పండి.”

చెప్పింది. ఇన్‌స్పెక్టర్ విన్నాడు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు కిందికి పరుగెత్తింది.

“ఇప్పుడు ఏమీ తీసుకోకుండా, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, వీధి తలుపు వైపు నడవండి,” అంది డిటెక్టివ్.

“చెప్పులు వేసుకోనా?”

“వద్దమ్మా. నడు. నడుస్తూ ఉండు.”

అడుగుల చప్పుడు వినపడింది. ఒకటి, ఇంకొకటి. మంచం మీద కోచ్ లేవని తలని లేపడానికి ప్రయత్నిస్తోంది.

అడుగులు ఆగిపోయాయి. ఫోన్లోంచి, ఆ మనిషికి చాలా దగ్గరగా, మెత్తటి గొంతు ఒకటి వినిపించింది.

“ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?”